మొహం లేని బొమ్మలు

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆ వీధిలోని గ్యాలరీల తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచుతారని, ఎవరైనా రావచ్చని, టికెట్ లేదని మేష్టారు ఫోన్లో మూడుసార్లు చెప్పారు. నువ్వు రాకపోతే నా బొమ్మలు గోడకి తగిలించడమే దండగ చెల్లెమ్మా అని కూడా అన్నారు.

బట్టలకి రిపేర్లు చేసే కొట్లో ఆమె పనిచేస్తుంది. అంచులు మడిచి కుట్టడం, గుండీలు, జిప్పులు. ఆ రోజు యజమానిని అడిగి గంట ముందే బయటపడింది. ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని వచ్చింది.

మొదటి గ్యాలరీలో పైకప్పు నుంచి గుడ్డపేలికలు వేలాడుతున్నాయి. జనం వాటి మధ్య అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నారు. ఆమెకి చేతులు దురద పెట్టాయి. ఒక్క అంచూ కుట్టలేదు. నాలుగు రోజుల్లో పోగులూడిపోతాయి. ఎవరికైనా చెబుదామనుకుంది గాని, ఊడటమే అందులో కళేమో, మనకెందుకులే అని ఊరుకుంది.

మేష్టారి బొమ్మలు మూడో గ్యాలరీలో ఉన్నాయి. పొడుగాటి గది, తెల్లటి గోడలు, ఒక పక్కగా చెక్క బెంచీ. గోడల నిండా బొగ్గుతో గీసిన బొమ్మలు, నలభైకి పైనే. అన్నిట్లోనూ ఒకే ఆడమనిషి. వీపు తిప్పి కూర్చున్నది, పక్కకి ఒరిగినది, మోకాళ్లు చుట్టుకున్నది. ఒంటి మీద నూలుపోగు లేదు. ఒక్క బొమ్మలోనూ మొహం లేదు.

మొహం గీయకూడదన్నది ఆమె పెట్టిన షరతు.

మేష్టారు పాఠాలు చెప్పే ఆర్ట్ కాలేజీలో పదకొండేళ్లు ఆమె మోడల్‌గా కూర్చుంది. ఇంటా బయటా మాత్రం కాలేజీలో గదులు ఊడుస్తానని చెప్పుకునేది. గుట్టు ఎన్నాళ్లు దాగుతుంది? తెలిసినవాళ్ల అమ్మాయి ఒకతె అదే క్లాసులో చేరింది. వారం తిరక్కుండా విషయం అందరికీ పాకింది. ఎందుకు చేశావని అడిగినవాళ్లు లేరు. ఛీ అన్నవాళ్లే. అయినవాళ్లు ఆమె గడప తొక్కడం మానేశారు. ఆమె కాలేజీ మానేసి ఆరేళ్లయింది.

మేష్టారు ఎదురొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇవాళ అందరికీ నిన్ను పరిచయం చేస్తానన్నారు. ఆమె వద్దంది. ఈ గీతల్లో సగం నీవి, కింద సంతకం నాదొక్కడిదే ఉండటం సిగ్గుగా ఉందని ఆయన బతిమాలారు. చివరికి ఆమె మెత్తబడింది. సరే, ఏడింటికి నలుగురూ చేరాక చెప్పండి అంది. పదకొండేళ్లు గోడకేసి తిప్పుకున్న మొహాన్ని ఒక్కసారి జనం వైపు తిప్పితే ఏం పోయిందని ఆమెకీ అనిపించింది.

ఏడు కావస్తుండగా ఒక కొత్త జంట లోపలికొచ్చింది. ముందు అమ్మాయి, వెనక అతను. అమ్మాయి ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికెళ్లి చూస్తోంది. అతను గుమ్మం దాటి రెండడుగులు వేసి కొయ్యబారిపోయాడు. తరవాత ఫోన్ చూశాడు. పైకప్పు చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. గోడల వైపు మాత్రం చూడలేదు. బట్టల్లేని బొమ్మల మధ్యకి భార్యతో వచ్చాడు, మొహమాటం కాబోలని పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆమె అతన్నే చూస్తోంది. చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. కొన్నప్పుడు సరిపోయే ఉంటుంది, మనిషే చిక్కాడు. బట్టల పని చేసేవాళ్ల చూపు అలాంటివాటి మీదకే పోతుంది.

అమ్మాయి మేష్టారి దగ్గరికి వచ్చింది. "ఈవిడెవరండీ? నాకు ఒకసారి కలవాలనుంది."

మేష్టారి మొహం వెలిగింది. దోమ కుట్టినా కదిలేది కాదని, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేక గోడ పట్టుకుని నడిచిన రోజులున్నాయని, అయినా మర్నాడు అందరికన్నా ముందే వచ్చేదని చెప్పుకుపోయారు. చెబుతూనే బెంచీ వైపు తిరిగారు.

ఆమె అడ్డంగా తలూపింది. ఆయనకి అర్థం కాలేదు. ఆమె మళ్లీ ఊపింది, ఈసారి ఎవరూ చూడకుండా ఒళ్లోనే చేతులు జోడించి.

"ఇవాళ రాలేదమ్మా," అన్నారు మేష్టారు నీరసంగా.

పోనీ బొమ్మతోనైనా ఫొటో దిగుతానని అమ్మాయి భర్తని పిలిచింది. వెళ్దాం, ఇంకా రెండు గ్యాలరీలున్నాయని అతను నసిగాడు. అమ్మాయి వినలేదు. గదిలోకెల్లా పెద్ద బొమ్మ పక్కన వెళ్లి నిలబడింది. బెంచీ సరిగ్గా దాని ముందే ఉంది.

అతను ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఆమె లేవబోయింది. మోకాలు పట్టేసింది. అతని చూపు ఫోన్ మీదే ఉంది.

"కాస్త పక్కకి జరగండమ్మా. ఫొటోలో పడుతున్నారు."

ఆమె జరిగింది. కదలొద్దంటే పదకొండేళ్లు కదలని మనిషి, జరగమనగానే బెంచీ చివరికంటా జరిగింది. అమ్మాయి నొచ్చుకుంటూ సారీ ఆంటీ అంది. ఫొటో అయ్యాక ఇద్దరూ వెళ్లిపోయారు. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

గది నిండింది. ఏడు దాటింది. మేష్టారు వచ్చి, ఇప్పుడైనా చెప్పనా అని అడిగారు. వద్దంది. ఆమె కళ్లు తుడుచుకోవడం అప్పుడు చూశారాయన.

"ఆ అబ్బాయి నిన్నేమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు మేష్టారూ. జరగమన్నాడు, అంతే. ఆ పిల్ల మంచిది."

ఇల్లు వదిలి వెళ్లిన ఆరేళ్లలో కొడుకు ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.