కాగితం లేని కచేరీ

నలభై రెండు ఫోల్డర్లు. ఒక్కదాంట్లోనూ కాగితం లేదు.

విరామం ముగియడానికి ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. సత్యవాణి వయొలిన్ చంకలో పెట్టుకుని అలమార మళ్ళీ గాలించింది. ఐర్లాండ్‌లోని ఎన్నిస్ ఊరి ఆర్కెస్ట్రాలో వాయించడమే కాదు, స్వరాలు రాసిన కాగితాలు భద్రపరిచే పనీ ఆమెదే.

“తాళంచెవి నీతాననే ఉండె గద అక్కా,” చెల్లో వాయించే తేజేశ్వర్ గొణిగాడు. “అందరు నిన్నే సూస్తున్నరు.”

“తెలుసులే. నువ్వూ చూడకు.”

పోయింది మామూలు సంగీతం కాదు. నలభై ఏళ్ళ కిందట ఈ ఆర్కెస్ట్రాను స్థాపించిన బడిపంతులు స్వయంగా కట్టిన పన్నెండు నిమిషాల రచన. ఏటా కచేరీ దానితోనే ముగుస్తుంది. పైగా ఇవాళ ముందు వరసలో కౌంటీ కమిటీ కూర్చుంది. ఈ ఆర్కెస్ట్రాను ఉంచాలో, పక్క ఊరిదాంట్లో కలిపేయాలో వాళ్ళు తేల్చేది ఈ మధ్యాహ్నమే. ‘ఫైళ్ళు చూసుకునే గుమాస్తాల్లా వాయిస్తున్నారు’ అని పోయినేడే రాసి పంపారు.

బృందాన్ని నడిపించే అబిగేయిల్ ఖాళీ ఫోల్డర్‌ను బల్లమీదికి విసిరింది. “అయిపోయింది. రద్దు చేస్తున్నామని నేనే వెళ్ళి చెబుతాను.”

“వద్దండీ,” అంది సత్యవాణి. “మా విజయనగరంలో ఎదురుగా కాగితం పెట్టుకుని కచేరీకి కూర్చుంటే గురువుగారు లేపి ఇంటికి పంపేసేవారు. ఇది ఏటా వాయిస్తున్నదే కదా. వాయిద్దాం.”

“మధ్యలో మరిచిపోతే?” ఎవరో అడిగారు.

“పక్కవాళ్ళని చూడండి.”

“నా పక్కోళ్ళు నన్ను సూస్తే?” అన్నాడు తేజేశ్వర్.

“అంత ధైర్యం ఎవరికీ లేదులే.”

నవ్వులు వినిపించాయి. అబిగేయిల్ ఎదురుచూసిన మాటే విన్నట్టు ఒక్క క్షణం సత్యవాణినే చూసి, సంగీతం నడిపే సన్నకర్ర చేతిలోకి తీసుకుంది.

మొదటి నిమిషం బిక్కుబిక్కుమంటూ సాగింది. రెండో నిమిషంలో ఫ్లూట్లు వెనకబడితే సత్యవాణి తలూపి లాక్కొచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క తలా పైకి లేచింది. ఎన్నేళ్ళుగానో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు మొదటిసారి ఒకరినొకరు చూసుకుంటూ వాయించారు. చివరి స్వరం ఆగేసరికి హాలు మొత్తం నిలబడింది, కమిటీతో సహా.

కమిటీ అధ్యక్షురాలు వేదికెక్కి మైకు అందుకుంది. “దీన్ని ఎందులోనూ కలపం.”

“గెలిచినం అక్కా,” తేజేశ్వర్ కళ్ళు తుడుచుకున్నాడు.

తెర వెనక్కి రాగానే, ఎవరో పిలిపించిన పోలీసు సత్యవాణికి అడ్డంగా నిలబడ్డాడు.

“తాళంచెవి మీ దగ్గరే ఉందట. కాగితాలు ఎవరు తీశారు?”

సత్యవాణి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళుగా కూర్చున్న కుర్చీ ఇక తనది కాదనుకుంది.

అబిగేయిల్ ఇద్దరి మధ్యకీ వచ్చింది. “ఆమె కాదు. మారు తాళంచెవి ఇంకొకరి దగ్గరుంది. గుమాస్తాలు కాగితాల్లోంచి తలెత్తాలంటే ఆ తీసినవాళ్ళకి ఇంకో దారి దొరకలేదు. పేరు రాసుకోండి.”

పోలీసు పెన్ను తీశాడు.

“అబిగేయిల్.”