అద్దం ముందు గెంతులు

"నేలని తాకీ తాకనట్టు లేవాలే! కాలిన పెనం మీద నీటిబొట్టు చూశావా? అలా. నువ్వేమో పిండిబస్తా దింపినట్టు దిగుతున్నావు. మళ్ళీ!" అంది అక్క. అక్కే చెల్లెలికి కోచ్.

చెల్లెలు చెక్కపెట్టె మీంచి దూకి, పాదం తగలగానే పైకి ఎగిరింది. పరుగుకు ముందు ఇలాంటి మెరుపు గెంతులు వేస్తే నిద్రపోతున్న కండలు లేస్తాయని అక్క లెక్క. కాసేపట్లో బయట ట్రాక్ మీద ఎంపిక పందెం. గెలిచినవాళ్ళకే జట్టులో చోటు. రెండో స్థానమంటే సంత ముగిశాక మిగిలిన సరుకు; ఎవరూ చెయ్యి పెట్టి కూడా చూడరు.

వాళ్ళున్న గదిలో ఒక గోడంతా అద్దమే.

"అక్కా, అద్దంలో నేను కాస్త ఆలస్యంగా దిగుతున్నానే!"

"కబుర్లు తర్వాత. ఎక్కు."

ఈసారి అద్దం మీదే కళ్ళు పెట్టి దూకింది. ఇద్దరూ ఒకేసారి దిగారు. హమ్మయ్య, కళ్ళు తిరిగి ఉంటాయి అనుకుంది. అక్క మాత్రం పెదవి విరిచింది.

"సమానమైతే ఏం లాభమే? అసలుకి అసలు వస్తే దాన్ని వ్యాపారం అంటారా? ఇంకా త్వరగా!"

"ఎవరితో సమానం అక్కా?"

అక్క చూపు చెల్లెలి మీద లేదు, అద్దం మీద ఉంది.

చెల్లెలు ఉన్న బలమంతా కూడగట్టుకుని దూకింది. ఇంకా గాలిలో ఉండగానే పాదాల చప్పుడు వినిపించింది. అద్దంలో పిల్ల అప్పటికే దిగి, ఎగిరి, మళ్ళీ దిగి, తీరిగ్గా నుదుటి చెమట తుడుచుకుంటోంది.

"అదీ! గెంతంటే అదీ!" అక్క ముఖం వెలిగిపోయింది.

"నాకు భయమేస్తోంది అక్కా. పోదాం పద."

"పోదాంలే, ఊపిరి తీసుకో. గెంతిన వెంటనే పరిగెడితే కాళ్ళు మొరాయిస్తాయి. అలాగని మరీ కూర్చుంటే పుట్టిన వేడంతా దండగ."

బయట మైకులో పిలుపు వినిపించింది. అక్క సంచి భుజాన వేసుకుని తలుపు తీసింది. "రా తల్లీ, నా ఆశంతా నీ మీదే."

ఆ ఒక్క మాటతో చెల్లెలి భయం తీరిపోయింది. నవ్వుతూ అక్క వైపు పరిగెత్తింది. నుదురు ఠక్కున చల్లటి గాజుకు కొట్టుకుంది.

గాజుకు అవతల, అక్క తన చెల్లెలి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతోంది.