భూమిని అడిగిన మనిషి

బీడులోకి మేకలను తోలి చాంది తలెత్తేసరికి, ఒక ముసలాయన నేల మీద గొంతుక్కూర్చుని బియ్యపు గింజలు పేరుస్తున్నాడు.

జంటలు జంటలుగా పేర్చి, పైన మోదుగాకు కప్పి, గాలికి లేవకుండా ఆకు మీద రాయి పెట్టాడు.

"ఏంది తాతా, ఏం చేస్తున్నవ్?"

"భూమిని అడుగుతున్న బిడ్డా."

"ఏమని?"

"ఈడ ఇండ్లు లేస్తే నీకు ఇష్టమేనా అని. పొద్దుగాల దాక గింజలు కదలకుంటే ఇష్టమే. కదిలితే కాదు."

చాందికి వెంటనే అర్థమైంది. ఇండ్లంటే ఆ ఇండ్లే!

నెల కింద కారేపల్లి రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఈ బీడులో కట్టబోయే కాలనీ బొమ్మ అది. చూసి తండా మొత్తం నోరు తెరిచింది. వరసలు వరసలుగా తెల్లటి ఇండ్లు, వెడల్పాటి రోడ్లు, వీధి దీపాలు, బడి, దవాఖానా. చూపు పోయినంత దూరం ఇండ్లే. రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేని తమ బీడుకు ఇంత యోగమా అని చాంది మురిసిపోయింది. బడి ఇక్కడికే వస్తే కూతురు భానుకు రోజూ అంత దూరం నడిచే బాధ తప్పుతుంది.

ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. అన్నీ ఉన్నాయి గానీ ఆ బొమ్మలో ఒక్క మేక లేదు.

ఆ ఇండ్లు ఎవరికో తండాలో ఎవరికీ తెలియదు. ఆఫీసర్లకని ఒకరు, పట్నం వాళ్ళకని ఇంకొకరు. చాంది మొగుడు హాతీరాం మాత్రం, "ఎవరికైతే మనకేంది? నాకు వాచ్‌మన్ పని దొరుకుతది" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, ఆయన అప్పుడే ఈల కూడా కొనుక్కొచ్చుకున్నాడు.

పని మొదలుపెట్టే ముందు పూజ చేయడానికి వచ్చిన మనిషే ఇతనని చాంది తేల్చేసుకుంది.

"కాంట్రాక్టరు తోలిండా నిన్ను?"

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"మా మేకల నోటికాడి మేత గుంజుకునేటందుకు వచ్చినవా? నీకు ఇల్లూ వాకిలీ లేదా?"

"ఉంది బిడ్డా," అన్నాడాయన. "ఇంకా ఉంది."

"జర నీళ్ళుంటే ఇస్తవా?" అని అడిగాడు.

చాంది నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని మేకల వెనకాలే వెళ్ళిపోయింది.

తెల్లారగానే అందరికంటే ముందు మళ్ళీ వచ్చింది. ముసలాయన దూరంగా చెట్టు కింద దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

చాంది రాయి తీసింది. ఆకు ఎత్తింది.

గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. భూమి సరేనంది!

రోడ్డు, బడి, వీధి దీపాలు అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. ఇంతలో వెనక మేకపిల్ల అరిచింది.

చాంది గింజలన్నిటినీ అరచేత్తో ఒక్క ఊడ్పు ఊడ్చి, ఆకునూ రాయినీ మళ్ళీ పెట్టేసింది.

పొద్దు పొడిచాక ముసలాయన వచ్చాడు. ఆకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"చీమలు లాగినట్టున్నయి తాతా," అంది చాంది, ఎటో చూస్తూ.

"చీమలైతే ఎత్తుకపోతయి బిడ్డా. గిట్ల ఊడ్చిపెట్టవు."

ఇక తిట్లు తప్పవనుకుంది చాంది. ఆయన మాత్రం మేకల వైపు చూశాడు.

"వీటికి ఇంకెక్కడన్న మేత ఉందా?"

"ఎక్కడిది తాతా? ఇటు పత్తి చేన్లు, అటు ఫారెస్టోళ్ళ కందకం. గీ బీడొక్కటే మాకు."

ముసలాయన దుమ్ములో గింజలు ఏరుకుని తువ్వాల కొంగున కట్టుకున్నాడు.

"అయితే భూమి ఒప్పుకోలేదు," అన్నాడు.

చాంది ఉండబట్టలేకపోయింది. "అయ్యో, ఊడ్చింది నేను తాతా!"

"భూమికి నోరేడిది బిడ్డా? దాని మీద బతికెటోళ్ళదే దాని నోరు."

అంత పెద్ద మాటను అంత నెమ్మదిగా చెప్పే మనిషిని చాంది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నీళ్ళు ఇవ్వాలని గుర్తొచ్చేసరికి ఆయన అడవి దారి పట్టి కనుమరుగయ్యాడు.

వానలు పట్టుకున్నాయి. ఒకరోజు చూస్తే ఫ్లెక్సీ లేదు.

సంగతేమిటో కనుక్కుందామని మండలాఫీసుకు పోయిన హాతీరాం తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"కాలనీ పోయిందే. ఎవరో బొజ్జయ్యంట, ముసలాయన. భూమి ఒప్పుకోలేదు, అక్కడ కట్టొద్దని చెప్పిండంట. ఆఫీసర్లు ఎంత బతిమాలినా వినలేదంట."

చాందికి ఒళ్ళంతా పులకరించింది. మేత దక్కినందుకు కాదు. గింజలు ఊడ్చింది తనేనని తెలిసీ, ఆ మనిషి తన ఊసు ఎక్కడా ఎత్తలేదు.

"ఆయన వద్దంటే గంత పెద్ద కాలనీ ఆగిపోయిందా! గంత పెద్ద ఆఫీసరా?"

"ఆఫీసరు కాదే."

"మరేంది? ఏ ఊరంట? రేపే పోయి కాళ్ళు మొక్కొస్త."

హాతీరాం తల తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"ఊరింకెక్కడిది చాందీ? మొన్నటి వానకే ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగింది. గా కాలనీ ఇండ్లన్నీ ఆ మునిగిన కోయగూడెపోళ్ళకే అంట, ఆ గూడెం పెద్దే బొజ్జయ్య."