చప్పుడు లేని బండి

పెట్రోలు వాసన ఎలా ఉంటుందో జనం మరిచిపోయిన కాలమది. చేలు తవ్వే అడవిపందులను కాల్చడానికి ఊళ్లు పెట్టుకున్న వేటగాళ్లలో తానుబాయి ఒకతె. పాత బండి మూలపడటంతో కొత్తది ఎంచుకోవడానికి ఆసిఫాబాద్ వచ్చింది.

దుకాణంలో రెండు రకాల కరెంటు బండ్లున్నాయి. ఒకటి సన్నగా రొద చేస్తుంది. రెండోదానికి చప్పుడే లేదు.

"చప్పుడు లేనిదే తీస్కో అక్కా. పంది చెవిదాకా పోయినా దానికి తెల్వది," అన్నాడు దుకాణదారు ఫసియుద్దీన్.

నడిపి చూద్దామని సాయంత్రం ఇద్దరూ అందులోనే అడవి అంచునున్న మక్కచేలోకి వెళ్లారు. బండి గడ్డి మీద నీడలా జారిపోయింది. పందుల మంద కంకులు విరుస్తూ కూతవేటు కన్నా దగ్గరలో మేస్తోంది. ఒక్కటీ తలెత్తలేదు. తానుబాయి తుపాకీ ఎత్తింది.

అంతలో బండి పక్కనున్న పొదలోంచి పులి దూకింది. అది అక్కడ పొంచి ఉన్నట్టు వీళ్లకు తెలియదు, వీళ్లు వచ్చినట్టు దానికీ తెలియదు. మంద చెల్లాచెదురైంది. పెద్ద పందిని నోట కరుచుకుని, పులి వీళ్లవైపు ఒక్క చూపు చూసి, తొందర లేకుండా అడవిలోకి నడిచిపోయింది.

తానుబాయి తుపాకీ దించింది. తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"ఏ బండి ఇయ్యమంటవ్ అక్కా?" అడిగాడు ఫసియుద్దీన్.

"రొద చేసేదే ఇయ్యి తమ్మీ. ఈ అడవిల వేటగాడు ముందుగాలనే ఉన్నడు. మనమొస్తున్నమని ఆయనకు ఎర్క గావాలె."