దిక్కుల ఆట

“ఈ పూట మాటాడకపోతే రేపట్నుంచి దీని నెత్తిన సేపల గంపే, బాబూ!”

లక్ష్మణమ్మ తన కూతురు బుల్లమ్మని బడిలోకి తోసి, గుమ్మంలోనే చతికిలబడింది. అలల్లో పడవ బోల్తాపడి తండ్రి సూరయ్య పోయిన నాటినుంచి ఆ పిల్ల పెదవి విప్పలేదు.

“అలల సంగతి తెలిసిన మడిసి. ఆ సరుగుడు తోట కాడికి పడవెందుకు తిప్పినాడో గంగమ్మ తల్లికే తెలవాలి!”

జగన్నాధం మేస్టారు గతుక్కుమన్నారు. ఆయనది బొబ్బిలి. భావనపాడు దగ్గరి ఈ పల్లెకి కొత్త. సెలవు పెట్టి ఇంటికెళ్లి నిన్ననే వచ్చారు. బడి మొత్తానికి చురుకైన పిల్ల గంపకి పోతే ఇక ఈ బడెందుకు?

“మాట్లాడిస్తానమ్మా. నాదీ పూచీ.”

ట్రైనింగులో కొత్త పద్ధతులు ఒంటబట్టించుకున్న మనిషి. బెత్తం ముట్టరు. పాఠం వినడం కాదు, ఆడాలంటారు. “బట్టీ వద్దర్రా, బట్ట పట్టండి!” అన్నది ఆయన నినాదం. దిక్కుకో రంగు గుడ్డ. ఏ దిక్కు పేరు పిలిస్తే ఆ గుడ్డ ఊపాలి. తూర్పుకి మేస్టారి తెల్ల కండువా. అదెప్పుడూ బుల్లమ్మదే.

సెలవుకెళ్లే రోజునా సరుగుడు తోట అవతల ఇసకలో ఆ ఆటే ఆడించారు. సముద్రం ఆ పూట హోరుమంటోంది. “తూర్పు!” అంటే చాలు, బుల్లమ్మ ఎగిరెగిరి ఊపింది. బడి వదిలినా కండువా వదల్లేదు.

“ఉంచుకో! ఇది ఇంటిపని కాదే, ఒంటిపని. చేతులు నొప్పెట్టేదాకా ఊపు!” అని నవ్వుకుంటూ మేస్టారు బస్సెక్కారు.

ఆ మధ్యాహ్నమే సూరయ్య పోయాడు.

ఇవాళ మళ్లీ ఆటకి పిల్లల్ని నిలబెట్టారు.

“ఈశాన్యం ఎటర్రా?”

“అటు మేస్టారూ!”

“అయితే ఈ సైన్యం అటే నడవాలి!”

పిల్లలు గొల్లుమన్నారు. బుల్లమ్మ నవ్వలేదు.

“ఒరే ఎర్రన్నా, ఉత్తరం ఎక్కడుందిరా?”

“పోస్టుమేన్ సంచిలో ఉన్నాది బాబూ!”

“ఓరి నీ! నా విద్య నాకే అప్పజెప్తావురా?”

లక్ష్మణమ్మ కూడా నవ్వొచ్చి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. బుల్లమ్మ మాత్రం నేలకేసి చూస్తూ నిలబడింది.

మేస్టారి గొంతులో హాస్యం ఎండిపోయింది. ఎవరో తెచ్చి బల్లమీద మడతపెట్టి ఉంచిన ఆ తెల్ల కండువా తీసి, పిల్ల చేతిలో పెట్టారు.

“తూర్పు నీదే కదమ్మా. ఒక్కసారి ఊపు. ఎక్కడున్నా మీ అయ్య చూసి మురిసిపోతాడు.”

పిల్ల దాన్ని పట్టుకోలేదు. కండువా జారి కిందపడింది. అమ్మవైపు ఒకసారి చూసింది. పెదవులు కదిలాయి.

లక్ష్మణమ్మ చివాల్న లేచింది. “మాటాడతంది బాబూ! నా తల్లి మాటాడతంది!”

మేస్టారు మోకాళ్లమీద కూర్చుని చెవి ఒగ్గారు.

“చెప్పు తల్లీ, చెప్పు.”

“తెల్లగుడ్డ ఊపితే ‘అలలు తగ్గినాయి, వచ్చీయండి’ అని మావోళ్ల గుర్తు మేస్టారూ, ఆ పొద్దు నానూపినది సూసే మా అయ్య పడవ ఒడ్డుకి తిప్పీసినాడు.”