లోపలి పొర

"చీపురు పట్టుకున్నవాడివి, రోల్స్ మీద చెయ్యేస్తావేంటయ్యా?"

సూపర్‌వైజర్ కేకకి పెద్దాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ప్లాస్టిక్ ఫిల్మును రోల్స్‌గా చుట్టే షెడ్డది. పాల ప్యాకెట్లకు వాడే ఫిల్ము, ఉల్లిపొరంత పల్చన. అట్టగొట్టం మీద వేల మీటర్లు చుట్టేసరికి మాత్రం రోల్ నాలుగు వందల కిలోలు తూగుతుంది.

పెద్దాయన ఊడ్చే పనికి చేరి నెల కూడా కాలేదు. ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, వేలి కణుపులతో రోల్‌ని టకటక కొట్టి, చెవి ఆనించి వింటాడు. అచ్చం రోగి వీపు తట్టే డాక్టరులా. షెడ్డంతా ఆయన్ని డాక్టరనే పిలుస్తోంది.

"ఏమంటున్నాడు డాక్టరూ నీ పేషెంటు?" మెషీన్ మీదున్న ఆపరేటర్ నవ్వాడు. అతను సూపర్‌వైజర్‌కి స్వయానా బామ్మర్ది.

"బిగి ఎక్కువైంది బాబూ. పైన బిగించేకొద్దీ ఆ ఒత్తిడంతా లోపలి పొరల మీద పడుతుంది. పైకి నున్నగానే ఉంటుంది. నలిగేదంతా లోపల. ఆఖరికి గొట్టమే చితుకుతుంది."

"మెషీన్‌కి టెన్షన్ పెంచితే నీకెందుకు టెన్షన్?"

షెడ్డు ఘొల్లుమంది. సూపర్‌వైజర్ నవ్వలేదు.

అతని భయం అతనిది. పోయిన వారం రోల్స్ వదులుగా ఉండి, లారీలో పొరలు పక్కకి జారిపోయి, లోడు లోడంతా వెనక్కి వచ్చింది.

"ఇంకోసారి వదులు రోల్ గేటు దాటిందంటే, దాని వెనకే నువ్వూ దాటతావ్," అన్నాడు మేనేజరు.

ఆ రోజు నుంచి సూపర్‌వైజర్ బిగి పెంచే టెన్షన్ మీట కొంచెం కొంచెంగా పైకి తిప్పుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం పెద్దాయన మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కసారి ఇటొచ్చి పక్క నుంచి చూడండి సార్."

రోల్ పక్కభాగంలో, గొట్టం చుట్టూ సన్నటి మడతలు. నక్షత్రం గీసినట్టున్నాయి.

సూపర్‌వైజర్‌కి సంగతి అర్థమైంది. కానీ నలుగురూ చూస్తున్నారు.

"నాకు పాఠాలు చెప్పడానికొచ్చావా? పనిలోంచి తీసేయిస్తా!"

"తీసేయండి సార్. ముందు టెన్షన్ తగ్గించి, తర్వాత నన్ను తీసేయండి."

సూపర్‌వైజర్ చెయ్యి మీట దాకా వెళ్లింది. అంతలో జేబులో ఫోను మోగింది. మేనేజరు. రేపటికల్లా లోడు సిద్ధం కావాలట.

చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"రేపట్నుంచి నువ్వు షెడ్డులోకి రాకు. బయట ఊడ్చుకో."

పెద్దాయన చీపురు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండింటికి మెషీన్ మంచి జోరు మీదుంది. ఫిల్ము అంచు ముడుచుకుంటోందని బామ్మర్ది వంగి చూస్తున్నాడు.

రోల్ లోపలెక్కడో చిటపటమంది. ఎండుపుల్లలు విరిగినట్టు.

షెడ్డులో ఎవరూ పట్టించుకోలేదు. బయట ఊడుస్తున్న పెద్దాయన మాత్రం చీపురు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"లే బాబూ! లే!"

బామ్మర్దిని రెండు చేతులా బలంకొద్దీ తోసేశాడు. ఆ క్షణంలోనే గొట్టం చితికి, తిరుగుతున్న రోల్ ఇరుసు మీంచి ఎగిరిపడింది.

బామ్మర్దికి మోచెయ్యి చీరుకుపోయింది, అంతే.

గొలుసులు కట్టి రోల్ పైకి లేపేసరికి పెద్దాయనలో ఊపిరి లేదు.

సాయంత్రం మేనేజరు గదిలో సూపర్‌వైజర్ రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు.

"టెన్షన్ ఎక్కువై..." అని మొదలుపెట్టాడు.

"ఆగాగు. టెన్షన్ పెంచిన చెయ్యి ఎవరిది?"

"నాదే సార్."

"మరి నీ మెడకి నువ్వే ఉరి బిగించుకుంటావా? పెళ్లాం పిల్లలు గలవాడివి. వద్దన్నా వినకుండా ఊడ్చేవాడు మెషీన్ మీదికొచ్చాడని రాయి. అజాగ్రత్త. పోయినవాడు వచ్చి కాదంటాడా?"

సూపర్‌వైజర్ మొదటి ముక్క కొట్టేశాడు.

రాశాడు. సంతకం పెట్టాడు.

బామ్మర్ది ఆ సంగతి విని ఒకే ఒక్క మాటన్నాడు.

"నన్ను బతికించినాయన బావా."

ఆ తర్వాత అతను బావతో మాట్లాడలేదు.

మూడో రోజు సూపర్‌వైజర్ పెద్దాయన కళ్లజోడు, టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. ఒంటిగది ఇల్లు. ముసలావిడ ఒక్కతే ఉంది.

"నేను... అక్కడి సూపర్‌వైజర్ని అమ్మా."

"కూర్చో బాబూ."

కూర్చోలేకపోయాడు.

"రోల్స్ గురించి ఆయనకంత ఎలా తెలుసమ్మా? ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఆ షెడ్డులోనే. పాత యజమాని ఉన్నప్పుడు ఇరవయ్యేళ్లు అక్కడే చేశారు. మళ్లీ ఆ మెషీన్ ముందు ఇంకెవరి ప్రాణమూ పోకూడదని, ఊడ్చే పనైనా సరేనని పోయి చేరారు. మా అబ్బాయి కూడా దాని మీదే చేసేవాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"లేడు. ఇలాగే రోల్ ఎగిరిపడి పోయాడు. నూనూగు మీసాల వయసు."

సూపర్‌వైజర్ టిఫిన్ డబ్బా కింద పెట్టాడు.

"అప్పటి సూపర్‌వైజర్ ఏం చేశాడు?"

"టెన్షన్ పెంచింది తనే. అయినా, అజాగ్రత్త కుర్రాడిదేనని రాసి సంతకం పెట్టాడు."

"ఊరుకున్నారా అమ్మా? అతని మీద కేసు పెట్టలేదా?"

ఆవిడ కళ్లజోడు అందుకుని, అద్దాలు కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఎలా పెట్టను బాబూ, ఆ సూపర్‌వైజర్ మా ఆయనే."