ఎవరికీ రాని పాట

మా చర్చిలో వారం వారం పాడేది చప్పట్ల పాట. అస్సలు పాడనిది మా మేనత్త ప్రతి ఆదివారం అడిగే కీర్తన. కీబోర్డు వాయించేది నేనే కాబట్టి పాటల ఎంపికా నాదే.

"ఆ రాగం ఎవరికీ రాదత్తా" అని దాటేసేవాణ్ణి. చిన్నప్పుడు నేను అందరి ముందూ మొదట వాయించింది ఆ పాటే. రెండో చరణంలో తడబడ్డాను. వెనక బెంచీల్లోంచి నవ్వు వినిపించింది. నాన్న నవ్వు.

ఇవాళ అత్త వాకరు పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. "ఈ ఒక్కసారికి వాయించరా" అంది. కాదనలేకపోయాను.

తీరా మొదలుపెడితే చర్చంతా గొంతెత్తి పాడింది, తల దించుకు కూర్చున్న అత్త తప్ప.

ఆరాధన అయ్యాక అడిగాను. "ఇన్నేళ్లు నా ప్రాణం తోడేసి, ఇప్పుడు నోరు విప్పలేదేం అత్తా?"

"ఆ రోజు నవ్వింది నేనేరా. మా అన్నదీ నాదీ ఒకటే నవ్వు. నువ్వు మళ్లీ ఆ పాట వాయించిన రోజున చెబుదామని ఆగాను."



పోయేముందు ఆసుపత్రి మంచం మీద నాన్న కూడా ఆ పాటే అడిగాడు, ఒక్కసారి పాడి వినిపించమని.

"మళ్లీ నవ్వడానికా?" అనేసి బయటికొచ్చేశాను.